యూనిట్ – 9 : జోన్‌ల వారీగా రాస్టర్ సమాచారాన్ని సంక్షిప్తీకరించడం – ఉద్దానం తీరం ఉదాహరణగా

విషయ క్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ప్రాథమిక భావనలు
9.3 ఏ ప్రశ్నకు ఏ గణాంకం?
9.4 చేతితో చేసే లెక్క
9.5 క్యూజిఐఎస్‌లో చేసే విధానం
9.6 పాటించవలసిన జాగ్రత్తలు
9.7 సరిహద్దులు మారితే ఫలితం మారుతుంది
9.8 ఫలితాన్ని అర్థం చేసుకోవడం
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• జోన్‌ల వారీ గణాంకం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• సగటు, మధ్యగతం, మొత్తం, బాహుళకం వంటి వాటిలో దేనిని ఎప్పుడు వాడాలో నిర్ణయించగలుగుతారు.
• క్యూజిఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పనిని సొంతంగా చేయగలుగుతారు.
• వచ్చిన ఫలితం ఏమి చెబుతోందో, ఏమి చెప్పడం లేదో విడదీసి చూడగలుగుతారు.

9.1 పరిచయం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య ‘తిత్లీ’ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు ఉన్నట్లు భారత వాతావరణ శాఖ తెలిపింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మరుసటి ఏడాది మళ్లీ నాటుకోవచ్చు. పొడవు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అందుకే ఏ గ్రామంలో ఎంత నష్టం జరిగిందన్న లెక్క అక్కడి కుటుంబాలకు కాగితం మీది అంకె మాత్రమే కాదు. రాబోయే కొన్నేళ్ల బతుకుతెరువుకు సంబంధించిన విషయం.

ఇటువంటి సమయంలో ఉపగ్రహ చిత్రాలు అందుబాటులో ఉంటాయి. కాని ఉపగ్రహానికి గ్రామాల పేర్లు తెలియవు. అది నేలను చిన్న చిన్న గడులుగా విభజించి ఒక్కొక్క గడికి ఒక విలువను నమోదు చేస్తుంది. పాలనా యంత్రాంగానికి కావలసింది గడి విలువ కాదు. గ్రామం వారీ, మండలం వారీ పట్టిక. లక్షలాది గడుల విలువలను గ్రామాల పట్టికగా మార్చే ప్రక్రియే ఈ యూనిట్‌లో మనం నేర్చుకునే విషయం.

9.2 ప్రాథమిక భావనలు

రాస్టర్, వెక్టర్ అనే రెండు సమాచార నమూనాలను మీరు ఇంతకు ముందు చదివారు. రాస్టర్ అంటే వరుసలు, నిలువు వరుసలుగా పేర్చిన పిక్సెళ్ల సముదాయం. బహుభుజి అంటే సరిహద్దు గీతతో మూసిన వెక్టర్ ఆకారం. జోన్‌ల వారీ గణాంకంలో ఈ రెండింటినీ ఒకదానిపై ఒకటి ఉంచుతాం. ప్రతి బహుభుజి లోపల పడిన పిక్సెళ్లను గుర్తించి, వాటి విలువలకు సగటు, మొత్తం వంటివి లెక్కించి, ఆ ఫలితాన్ని బహుభుజి లక్షణాల పట్టికలో కొత్త నిలువు వరుసలుగా చేరుస్తాం.

ఇక్కడ ఒక మాట. పారిభాషిక పదకోశాలలో ‘జోన్’కు ‘మండలం’ అనే అనువాదం కనిపిస్తుంది. మన రాష్ట్రంలో మండలం అంటే రెవెన్యూ విభాగం. ఈ తికమక రాకుండా ఈ యూనిట్‌లో ‘జోన్’ అనే మాటనే వాడుతున్నాం. మండలం ఒక జోన్ కావచ్చు. గ్రామం, చెరువు ఆయకట్టు, నదీ పరీవాహక ప్రాంతం, తీరం నుంచి 5 కిలోమీటర్ల పట్టీ కూడా జోన్‌లు కావచ్చు.

అమెరికాకు చెందిన డానా టామ్లిన్ 1990లో ప్రచురించిన గ్రంథంలో రాస్టర్ గణిత క్రియలను వర్గీకరించారు. ఒక్క పిక్సెల్‌ను మాత్రమే చూసేవి స్థానిక క్రియలు. చుట్టుపక్కల పిక్సెళ్లను కూడా చూసేవి పరిసర క్రియలు. ఒక హద్దులోని పిక్సెళ్లన్నింటినీ కలిపి చూసేవి జోనల్ క్రియలు. తుపానుకు ముందు, తరువాతి చిత్రాల తేడాను పిక్సెల్ పిక్సెల్‌కూ లెక్కించడం స్థానిక క్రియ. ఆ తేడాను గ్రామాల వారీగా కూడగట్టడం జోనల్ క్రియ. నష్టం అంచనాలో ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి.

తోటల పచ్చదనాన్ని కొలవడానికి వాడే సూచిక ఎన్‌డివిఐ. దాని సూత్రం:

ఎన్‌డివిఐ = (సమీప పరారుణ – ఎరుపు) ÷ (సమీప పరారుణ + ఎరుపు)

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, సమీప పరారుణ కాంతిని ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. అందువల్ల దట్టమైన తోటలో ఈ విలువ 1 వైపు జరుగుతుంది. ఇసుకనేలలో సున్నాకు దగ్గరగా ఉంటుంది. నీటిపై సాధారణంగా రుణాత్మకం అవుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్–2 చిత్రాలలో 8వ బ్యాండు సమీప పరారుణం, 4వ బ్యాండు ఎరుపు. రెండింటి పిక్సెల్ పరిమాణం 10 మీటర్లు. అంటే ఒక పిక్సెల్ 100 చదరపు మీటర్లు. ఒక ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు.

9.3 ఏ ప్రశ్నకు ఏ గణాంకం?

సాఫ్ట్‌వేర్ ఒకేసారి అనేక రకాల గణాంకాలు ఇవ్వగలదు. అన్నింటినీ ఎంచుకుంటే పట్టిక నిండుతుంది కాని ప్రశ్నకు జవాబు దొరకదు. ముందుగా రాస్టర్‌లోని విలువ ఎటువంటిదో చూడాలి.

(అ) విలువ ఒక తీవ్రత అయితే – వర్షపాతం, ఎత్తు, ఉష్ణోగ్రత, ఎన్‌డివిఐ వంటివి – సగటు లేదా మధ్యగతం వాడాలి. వీటి మొత్తానికి అర్థం లేదు. ఒక గ్రామంలోని పిక్సెళ్ల ఎత్తులన్నీ కూడితే వచ్చే అంకె దేనినీ సూచించదు.

(ఆ) విలువ ఒక పరిమాణం అయితే – ఒక్కో పిక్సెల్‌లో ఎంతమంది నివసిస్తున్నారన్న అంచనా వంటివి – మొత్తం వాడాలి.

(ఇ) విలువ ఒక వర్గానికి గుర్తు అయితే – 1 అంటే కొబ్బరి, 2 అంటే జీడిమామిడి, 3 అంటే వరి – సగటు తీయరాదు. కొబ్బరి, వరి సగం సగం ఉన్న గ్రామానికి సగటు 2 వస్తుంది. అంటే అక్కడ లేని జీడిమామిడి పట్టికలో కనిపిస్తుంది! ఇక్కడ బాహుళకం గాని, ఏ వర్గం పిక్సెళ్లు ఎన్ని అని విడివిడిగా చూపే జోనల్ హిస్టోగ్రామ్ గాని వాడాలి.

(ఈ) జోన్ లోపల విలువలు ఎంతగా మారుతున్నాయో తెలియాలంటే కనిష్ఠం, గరిష్ఠం, ప్రామాణిక విచలనం చూడాలి. మందస మండలం దీనికి మంచి ఉదాహరణ. ఒక పక్క మహేంద్రగిరి కొండల పాదాలు, మరొక పక్క సముద్రతీరం. ఆ మండలపు సగటు ఎత్తు అటు కొండవాలుకూ వర్తించదు, ఇటు తీరగ్రామానికీ వర్తించదు.

(ఉ) ఏ ప్రశ్న అయినా పిక్సెళ్ల సంఖ్యను తప్పక తీసుకోవాలి. దీని ప్రాముఖ్యం తరువాతి లెక్కలో తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ఒక చెరువు ఆయకట్టులో సగటు వర్షపాతం తెలుసుకోవడం ఏ రకం క్రియ?
2. నేల వినియోగ రాస్టర్‌కు సగటు ఎందుకు పనికిరాదు?

9.4 చేతితో చేసే లెక్క

ఈ లెక్కకు కంప్యూటర్ అవసరం లేదు. కాగితం, పెన్సిలు తీసుకోండి. ‘క’, ‘ఖ’ అనే రెండు ఊహా గ్రామాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదానిలో 12 పిక్సెళ్లు. తుపానుకు ముందున్న ఎన్‌డివిఐ నుంచి తరువాతి ఎన్‌డివిఐని తీసివేసి, సౌలభ్యం కోసం 100తో గుణించాం. కాబట్టి పెద్ద అంకె అంటే పచ్చదనం ఎక్కువగా తగ్గిందని అర్థం. ఇవి అభ్యాసం కోసం తీసుకున్న అంకెలు మాత్రమే.

‘క’ గ్రామం
18, 20, 22
20, 20, 20
19, 21, 20
20, 22, 18

‘ఖ’ గ్రామం (కుడి నిలువు వరుస సముద్రం వైపు)
2, 4, 50
3, 3, 54
2, 4, 54
4, 8, 52

రెండు గ్రామాల్లోనూ మొత్తం 240; సగటు 20. సగటును బట్టి చూస్తే నష్టం సమానం. ఇప్పుడు మిగతావి చూడండి. ‘క’లో మధ్యగతం 20, కనిష్ఠం 18, గరిష్ఠం 22, ప్రామాణిక విచలనం సుమారు 1.2. ‘ఖ’లో మధ్యగతం 4, కనిష్ఠం 2, గరిష్ఠం 54, ప్రామాణిక విచలనం సుమారు 23. ‘క’లో తోటలన్నీ కొంత దెబ్బతిన్నాయి. ‘ఖ’లో ఎక్కువ భాగం నిలబడింది, సముద్రం వైపు వరుస మాత్రం పూర్తిగా పోయింది. ఆ వరుసలో తోట ఉన్న రైతుకు ‘ఊరి సగటు 20’ అన్న మాట ఏ విధంగానూ న్యాయం చేయదు.

దీనికి ఒక ఉపాయం ఉంది. ‘తగ్గుదల 30 కంటే ఎక్కువా?’ అన్న ప్రశ్నతో రాస్టర్ కాలిక్యులేటర్‌లో కొత్త రాస్టర్ తయారుచేయండి. అవును అయితే 1, కాదు అయితే 0. ఈ రాస్టర్ సగటే తీవ్రంగా దెబ్బతిన్న భాగపు నిష్పత్తి అవుతుంది. ‘ఖ’లో అది 4/12, అంటే 33 శాతం. దీని మొత్తాన్ని పిక్సెల్ వైశాల్యంతో గుణిస్తే దెబ్బతిన్న వైశాల్యం వస్తుంది: 4 × 100 = 400 చదరపు మీటర్లు. అయితే ఈ పద్ధతిలో ‘క’ గ్రామానికి 0 వస్తుంది. ఊరంతా ఓ మోస్తరుగా దెబ్బతిన్నా పట్టికలో నష్టం లేనట్టే కనబడుతుంది. కాబట్టి సగటు, నిష్పత్తి రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఇప్పుడు మేఘాల సంగతి. ‘ఖ’లో సముద్రం వైపు నాలుగు పిక్సెళ్లను చిత్రం తీసిన రోజున మేఘం కప్పింది అనుకుందాం. వాటిని తొలగించడం సరైన పనే. మిగిలిన 8 పిక్సెళ్ల మొత్తం 30, సగటు 3.75. అత్యధిక నష్టం ఉన్న గ్రామం ఒక్కసారిగా సురక్షిత గ్రామంగా మారిపోయింది! ఈ పొరపాటును బయటపెట్టేది పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే. 12 ఉండవలసిన చోట 8 మాత్రమే ఉంటే, ఆ గ్రామంలో మూడో వంతును మనం చూడనే లేదన్నమాట. అటువంటి గ్రామాన్ని ‘నష్టం తక్కువ’ అనే జాబితాలో కాకుండా ‘సమాచారం చాలదు’ అనే జాబితాలో చేర్చాలి.

9.5 క్యూజిఐఎస్‌లో చేసే విధానం

క్యూజిఐఎస్ ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్. ఈ క్రింది సోపానాలను వరుసగా పాటించండి.

సోపానం 1: గ్రామాల లేదా మండలాల సరిహద్దుల పొరను, రాస్టర్‌ను తెరవండి. రెండూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చున్నాయో లేదో తీరరేఖ వద్ద దగ్గరగా జరిపి చూడండి.

సోపానం 2: వైశాల్యం లెక్కించాలంటే రెండింటినీ మీటర్లలో ఉండే ప్రక్షేపణంలోకి మార్చండి. శ్రీకాకుళం జిల్లాలో ఇక్కడ ఒక విశేషం ఉంది. యుటిఎం విధానంలో 44వ, 45వ జోన్‌లను విడదీసే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ జిల్లా గుండానే పోతుంది. శ్రీకాకుళం పట్టణం 44లో, టెక్కలి, పలాస, ఉద్దానం తీరం 45లో ఉన్నాయి. ఈ అధ్యయనానికి 45 ఉత్తర జోన్, అంటే ఈపిఎస్‌జి 32645 ఎంచుకోవాలి. జిల్లా కేంద్రం కోసం తయారైన పటం నుంచి ప్రక్షేపణాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకండి.

సోపానం 3: మేఘాలు, మేఘాల నీడలు ఉన్న పిక్సెళ్లకు ‘విలువ లేదు’ అనే గుర్తు ఇవ్వండి. వాటికి 0 ఇవ్వకండి. సున్నా కూడా ఒక విలువే. అది సగటును లాగేస్తుంది.

సోపానం 4: ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘రాస్టర్ అనాలిసిస్’ కింద ఉన్న ‘జోనల్ స్టాటిస్టిక్స్’ను తెరవండి. ఇన్‌పుట్ పొరగా సరిహద్దులను, రాస్టర్ పొరగా తగ్గుదల రాస్టర్‌ను, సరైన బ్యాండును ఎంచుకోండి.

సోపానం 5: కొత్త నిలువు వరుసల పేర్ల ముందు చేర్చే అక్షరాలను ఇవ్వండి. తుపానుకు ముందు చిత్రానికి ఒకటి, తరువాతి చిత్రానికి మరొకటి ఇస్తే పట్టికలో కలగాపులగం కాదు.

సోపానం 6: కావలసిన గణాంకాలను ఎంచుకోండి. సంఖ్య, మొత్తం, సగటు ముందుగానే ఎంపికై ఉంటాయి. మధ్యగతం, ప్రామాణిక విచలనం, కనిష్ఠం, గరిష్ఠం, బాహుళకం అవసరాన్ని బట్టి చేర్చుకోండి.

సోపానం 7: అమలు చేసి, కొత్త పొర లక్షణాల పట్టికను తెరవండి. పటం గీయడానికి ముందు సంఖ్య వరుసను చూడండి. ఒక గ్రామాన్ని ఎంచుకుని, దాని వైశాల్యాన్ని 100తో భాగించండి. వచ్చిన అంకె పిక్సెళ్ల సంఖ్యకు దగ్గరగా ఉండాలి. చాలా తక్కువ ఉంటే 3వ సోపానానికి వెనక్కి వెళ్లండి.

ఆర్క్‌జిఐఎస్, గూగుల్ ఎర్త్ ఇంజిన్, పోస్ట్‌జిఐఎస్, పైథాన్, ఆర్ వంటి వాటిలోనూ ఇదే పని చేయవచ్చు. మెనూలు, ఆదేశాలు మారుతాయి, సూత్రం మారదు.

9.6 పాటించవలసిన జాగ్రత్తలు

అంచు పిక్సెళ్లు: సరిహద్దు గీత పిక్సెల్ మధ్య నుంచి పోతే ఆ పిక్సెల్ ఎవరిది? క్యూజిఐఎస్‌లో పిక్సెల్ కేంద్రబిందువు ఏ బహుభుజిలో పడితే అది ఆ బహుభుజికే చెందుతుంది. ఒకటికి మించి కేంద్రాలు పడని మరీ చిన్న బహుభుజికి మాత్రం లోపల పడిన వైశాల్యాన్ని బట్టి వాటా కడుతుంది. పెద్ద మండలానికి ఈ తేడా లెక్కలోకి రాదు. సన్నగా, పొడవుగా ఉండే తీరగ్రామానికి మాత్రం వస్తుంది. దాని పిక్సెళ్లలో అంచువే ఎక్కువ, వాటిలో కొన్నింటిలో సముద్రపు నీరు కూడా కలిసి ఉంటుంది.

పిక్సెల్ పరిమాణం: 0.05 డిగ్రీల వర్షపాత రాస్టర్‌లో ఒక పిక్సెల్ మన అక్షాంశాల వద్ద సుమారు 30 చదరపు కిలోమీటర్లు. దానిని గ్రామాల వారీగా సంక్షిప్తీకరిస్తే పక్కపక్క గ్రామాలన్నింటికీ దాదాపు ఒకే అంకె వస్తుంది. పట్టికలో గ్రామం పేరు ఉన్నంత మాత్రాన అది గ్రామస్థాయి సమాచారం కాదు. రాస్టర్‌ను చిన్న పిక్సెళ్లుగా మార్చినా కొత్త సమాచారం పుట్టదు.

తోటలు కాని నేల: టెక్కలి సమీపాన నౌపడ ప్రాంతంలో ఉప్పుమడులు ఉన్నాయి. తుపానుకు ముందైనా తరువాతైనా అక్కడ పచ్చదనం ఉండదు, తగ్గుదల సున్నా. అటువంటి నేల ఎక్కువగా ఉన్న గ్రామంలో తోటలు పోయినా సగటు తగ్గుదల తక్కువగానే కనిపిస్తుంది. ముందుగా తోటల ముసుగు తయారుచేసి, దాని లోపలి పిక్సెళ్లనే లెక్కించాలి.

కాలం: అక్టోబరులో వరి పచ్చగా ఉంటుంది, డిసెంబరుకు కోతలు అవుతాయి. అక్టోబరు చిత్రాన్ని డిసెంబరు చిత్రంతో పోలిస్తే కోసిన చేను కూడా నష్టంలా కనిపిస్తుంది. మేఘాల వల్ల తుపాను వెంటనే మంచి చిత్రం దొరకకపోతే, అంతకుముందు ఏడాది అదే నెల చిత్రాన్ని పోలికకు తీసుకోవడం మేలు. మరో వైపు మరీ ఆలస్యం చేసినా ప్రమాదమే. పడిపోయిన చెట్ల కింద గడ్డి, తుప్పలు పెరిగి ఎన్‌డివిఐ తిరిగి లేస్తుంది. ఉపగ్రహానికి అది పచ్చదనమే. రైతుకు అది కొబ్బరి కాదు.

సగటుల సగటు: గ్రామాల సగటులను నేరుగా కూడి భాగిస్తే మండల సగటు రాదు. 400 పిక్సెళ్ల గ్రామంలో సగటు తగ్గుదల 10, 100 పిక్సెళ్ల గ్రామంలో 50 అనుకోండి. నేరుగా తీస్తే 30. పిక్సెళ్ల సంఖ్యతో భారం ఇస్తే (4000 + 5000) ÷ 500 = 18. సరైనది రెండవదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. మేఘం కప్పిన పిక్సెళ్లకు 0 విలువ ఇస్తే ఏమవుతుంది?
4. 300 పిక్సెళ్ల గ్రామంలో సగటు 20, 100 పిక్సెళ్ల గ్రామంలో సగటు 40 అయితే, రెండింటి ఉమ్మడి సగటు ఎంత?

9.7 సరిహద్దులు మారితే ఫలితం మారుతుంది

తిత్లీ వచ్చిన 2018లో పలాస ప్రాంతం టెక్కలి రెవెన్యూ డివిజన్‌లో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పలాస ప్రత్యేక రెవెన్యూ డివిజన్ అయింది. శ్రీకాకుళం జిల్లాలోని కొంత భాగం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు మీరు 2018 నాటి రాస్టర్‌నే తీసుకుని, పాత డివిజన్ల హద్దులతో ఒకసారి, కొత్త హద్దులతో మరొకసారి లెక్కించండి. ‘టెక్కలి డివిజన్’ అన్న పేరు ఒకటే; అంకెలు రెండు. నేలమీద ఒక్క చెట్టు కూడా మారలేదు, గీత మాత్రమే మారింది.

ఈ సమస్యను ‘మార్చదగిన వైశాల్య ప్రమాణాల సమస్య’ అంటారు. బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త స్టాన్ ఓపెన్‌షా దీనిపై విస్తృతంగా రాశారు. దీనిలో రెండు కోణాలున్నాయి. ఒకటి స్థాయి: గ్రామం నుంచి మండలానికి, మండలం నుంచి డివిజన్‌కు పోయిన కొద్దీ తీవ్రతలు సర్దుకుపోయి అంతా మధ్యస్థంగా కనిపిస్తుంది. రెండోది విభజన: ఒకే స్థాయిలో గీతలు వేరేచోట గీసినా ఫలితం వేరవుతుంది. కాబట్టి మీ నివేదికలో ఏ సంవత్సరపు సరిహద్దులు వాడారో తప్పక రాయాలి. వీలైతే పరిపాలనా హద్దులతో పాటు తీరం నుంచి దూరాన్ని బట్టి గీసిన పట్టీలతో కూడా లెక్కించి చూడండి. తుపాను గాలి మండలాల హద్దులు చూసి వీయదు.

9.8 ఫలితాన్ని అర్థం చేసుకోవడం

ఉద్దానం అనగానే చాలామందికి గుర్తొచ్చేది మూత్రపిండాల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ దీర్ఘకాలిక వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధికి ఫలానాదే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు.

ఇటువంటి చోట జోన్‌ల వారీ గణాంకం ఎంత ఉపయోగకరమో అంత ప్రమాదకరం కూడా. బావుల నీటి పరీక్షల నుంచి అంతర్గణన ద్వారా భూగర్భజల రాస్టర్ ఒకటి తయారుచేసి, గ్రామాల వారీ సగటు తీసి, దానిని రోగుల సంఖ్యతో పక్కపక్కన పెట్టడం సులువు. రెండూ కలిసి పెరుగుతున్నట్టు కనిపిస్తే కారణం దొరికిందనిపిస్తుంది. కాని గ్రామాల సగటుల మధ్య కనిపించిన సంబంధం ఆ గ్రామాల్లోని వ్యక్తులకు వర్తించాలన్న నియమం లేదు. 1950లో డబ్ల్యు.ఎస్. రాబిన్‌సన్ ఈ విషయాన్ని జనాభా లెక్కల ఆధారంగా నిరూపించారు. ఊరి సగటు నీటిని ఎవరూ తాగరు. ఒక్కో ఇల్లు ఒక్కో బావి నీళ్లో, బోరు నీళ్లో తాగుతుంది. పైగా రెండు బావుల మధ్యనున్న పిక్సెళ్ల విలువలు కొలిచినవి కావు, అంచనా వేసినవి. ఇటువంటి పటం ఎక్కడ మరిన్ని పరీక్షలు చేయాలో చెప్పగలదు. రోగానికి కారణం ఇదని చెప్పలేదు.

తుపాను నష్టం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఎన్‌డివిఐ తగ్గుదల ఎక్కువగా ఉన్న గ్రామాలకు లెక్కింపు బృందాలను ముందుగా పంపడానికి మన పట్టిక పనికివస్తుంది. బృందం ఇచ్చిన లెక్కకూ, ఉపగ్రహ లెక్కకూ పెద్ద తేడా ఉన్న గ్రామాన్ని మళ్లీ చూడమని చెప్పడానికి పనికివస్తుంది. కాని ఎన్ని చెట్లు పడ్డాయో, అవి ఎవరివో, ఎంత వయసువో తోటలోకి వెళితేనే తెలుస్తుంది. పట్టికలో తక్కువ అంకె ఉందన్న ఒక్క కారణంతో ఏ రైతు దరఖాస్తునూ పక్కన పెట్టకూడదు.

9.9 సారాంశం

జోన్‌ల వారీ గణాంకం రాస్టర్‌లోని పిక్సెళ్ల విలువలను బహుభుజుల వారీగా కూడగట్టి పట్టికగా ఇస్తుంది. విలువ స్వభావాన్ని బట్టి తీవ్రతకు సగటు, పరిమాణానికి మొత్తం, వర్గానికి బాహుళకం వాడాలి. సగటు ఒక్కటే చూస్తే జోన్ లోపలి తేడాలు మరుగున పడతాయి. అందువల్ల ప్రామాణిక విచలనం, దెబ్బతిన్న భాగపు నిష్పత్తి, పిక్సెళ్ల సంఖ్య కూడా తీసుకోవాలి. ప్రక్షేపణం, మేఘాలు, పిక్సెల్ పరిమాణం, కాలం, సరిహద్దుల సంవత్సరం ఫలితాన్ని మారుస్తాయి. జోన్ సగటు ఆ జోన్‌కు చెందినది. అందులోని ప్రతి తోటకూ, ప్రతి మనిషికీ చెందినది కాదు.

‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ సమాధానాలు
1. జోనల్ క్రియ.
2. అంకెలు వర్గాలకు గుర్తులు మాత్రమే. వాటి సగటు అక్కడ లేని వర్గాన్ని సూచించవచ్చు.
3. అవి నిజమైన విలువలుగా లెక్కలోకి వచ్చి సగటును తప్పుగా మారుస్తాయి. పిక్సెళ్ల సంఖ్య తగ్గదు కాబట్టి పొరపాటు బయటపడదు.
4. (6000 + 4000) ÷ 400 = 25.

9.10 కీలక పదాలు

జోన్: గణాంకం లెక్కించడానికి హద్దుగా తీసుకున్న ప్రాంతం.
మధ్యగతం: విలువలను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు మధ్యలో వచ్చే విలువ.
బాహుళకం: జోన్‌లో అన్నిటికన్నా ఎక్కువ పిక్సెళ్లలో కనిపించే విలువ.
ముసుగు: అవసరమైన పిక్సెళ్లను ఉంచి మిగిలిన వాటిని లెక్క నుంచి తప్పించే పొర.
అంతర్గణన: కొలిచిన బిందువుల ఆధారంగా మధ్యలోని చోట్ల విలువలను అంచనా వేయడం.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తుపాను వల్ల తోటలకు జరిగిన నష్టాన్ని గ్రామాల వారీగా అంచనా వేయడానికి జోన్‌ల వారీ గణాంకాన్ని ఎలా ఉపయోగిస్తారో, పాటించవలసిన జాగ్రత్తలతో సహా వివరించండి.
2. ఒకే రాస్టర్‌కు సరిహద్దులు మారితే ఫలితం ఎందుకు మారుతుందో శ్రీకాకుళం జిల్లా ఉదాహరణతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సగటు సమానంగా ఉన్న రెండు గ్రామాలలో నష్టం వేరుగా ఉండవచ్చునని అంకెలతో చూపండి.
2. పిక్సెళ్ల సంఖ్యను ఫలితాల పట్టికలో ఎందుకు ఉంచాలి?
3. గ్రామాల సగటుల ఆధారంగా వ్యాధి కారణాన్ని నిర్ధారించడంలో ఉన్న ఇబ్బంది ఏమిటి?

అభ్యాస కృత్యం: మీ మండలంలో మీకు తెలిసిన రెండు గ్రామాలను ఎంచుకోండి. ఒకే నెలకు చెందిన రెండు వేర్వేరు సంవత్సరాల ఎన్‌డివిఐ సగటులను లెక్కించండి. ఏ గ్రామంలో తేడా ఎక్కువ వచ్చిందో ఆ గ్రామానికి వెళ్లి, అక్కడి రైతులను ఆ రెండు సంవత్సరాల గురించి అడగండి. వారు చెప్పినదీ, మీ పట్టిక చెప్పినదీ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో ఒక పేజీలో రాసి మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు చూపించండి.